నంబరు మళ్లీ వస్తుంది.. ఫొటో రాదు!

పెళ్లి ఫొటోగ్రఫీ, డ్రోన్ సర్వే, ఈ-కామర్స్, సినిమా పోస్ట్ ప్రొడక్షన్.. ఏ రంగంలో అడుగుపెట్టినా మొదటి వారంలోనే ఫ్రెషర్ చేతికి వచ్చే వస్తువు మెమరీ కార్డు. ఫొటో తీయడం అందరూ నేర్పిస్తారు. తీసిన ఫొటోను పోగొట్టుకోకుండా కంప్యూటర్‌లోకి చేర్చడం మాత్రం ఎవరూ నేర్పరు. ఎదురుదెబ్బ తగిలాకే తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది.

బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పటి మాట. పెళ్లిళ్ల సీజన్‌లో మా ఊళ్లో స్టూడియో నడిపే ఒక అన్న దగ్గర రెండో కెమెరా పట్టుకునేవాణ్ని. ఓ పెళ్లికి ఒకే మోడల్ కెమెరాలు రెండు తీసుకెళ్లాం. మండపంలో అన్న, చుట్టాల మధ్య నేను. తెల్లవారుజామున ముహూర్తం. తంతు అయిపోయి టిఫిన్లు నడుస్తుండగా ల్యాప్‌టాప్ తెరిచి, ఒక ఫోల్డర్ చేసి, అన్న కార్డులో ఉన్నవన్నీ అందులో వేశాను. తర్వాత నా కార్డు పెట్టి అదే ఫోల్డర్‌లోకి కాపీ కొట్టాను. ‘ఇవే పేర్లతో ఫైల్స్ ఉన్నాయి, రీప్లేస్ చేయమంటారా?’ అని కంప్యూటర్ అడిగింది. రాత్రంతా నిద్రలేదు. ‘ఇందాకటివే మళ్లీ అడుగుతోందిలే’ అనుకుని రీప్లేస్ నొక్కేశాను. సాయంత్రం రిసెప్షన్‌కి ఖాళీ కార్డులు కావాలి కాబట్టి రెండూ ఫార్మాట్ చేసేశాను.

రాత్రి ఇంటికొచ్చి చూస్తే నేను తీసిన ఐదొందల ఫొటోలూ ఉన్నాయి. అన్న తీసిన ఏడొందల్లో చివరి రెండొందలే ఉన్నాయి. జీలకర్ర-బెల్లం లేదు, తలంబ్రాలు లేవు. వీల్‌చైర్‌లో మండపం దాకా వచ్చి అక్షింతలు వేసిన పెళ్లికూతురి తాతయ్య ఫొటో లేదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వెనక్కి వచ్చాయి గానీ, ఆ కార్డు మీద అప్పటికే రిసెప్షన్ షూట్ చేసేశాం కదా, చాలావరకు పోయాయి. వాళ్ల నాన్నగారు తిట్టినా బాగుండేది. ‘తాతయ్యది ఒక్కటన్నా దొరుకుతుందేమో చూడు బాబూ’ అన్నారు. దొరకలేదు.

తప్పు కార్డుది కాదు, కెమెరాదీ కాదు. ఆ ఫైల్ నంబర్లు ఎలా పడతాయో తెలుసుకోకుండా కార్డు చేతపట్టిన నాది.

పేరు వెనక ఉన్న లెక్క

ఏ కంపెనీ కెమెరా కార్డు తెరిచినా ముందు ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. డిజిటల్ కెమెరా ఇమేజెస్ అన్నదానికి పొట్టి పేరు అది. ఒక కెమెరాలో తీసిన కార్డును మరో పరికరంలో పెట్టినా ఫొటోలు కనిపించాలన్న ఉద్దేశంతో 1998లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఒక ప్రమాణాన్ని తెచ్చింది. దాని పేరు డీసీఎఫ్. కెనాన్, నికాన్, సోనీ, ఫుజీ.. అన్నీ పాటించేది దీన్నే.

దాని రూల్స్ సింపుల్. డీసీఐఎం లోపలి ఫోల్డర్ పేరులో మొత్తం ఎనిమిది స్థానాలు. మొదటి మూడూ అంకెలు, 100 నుంచి 999 వరకు. మిగతా ఐదు కంపెనీ ఇష్టం. కెనాన్ తన పేరే పెట్టుకుంటుంది. సోనీ 100 తర్వాత ‘ఎంఎస్‌డీసీఎఫ్’ అని పెడుతుంది. ఫైల్ పేరుకూ ఎనిమిదే స్థానాలు. ముందు నాలుగు అక్షరాలు, తర్వాత 0001 నుంచి 9999 వరకు నాలుగంకెల నంబరు. కెనాన్‌లో ‘ఐఎంజీ_’, నికాన్‌లో ‘డీఎస్‌సీ_’, ఫుజీలో ‘డీఎస్‌సీఎఫ్’ అని మొదలయ్యేది అందుకే. ఎనిమిదే ఎందుకంటే, పాత డాస్ కాలపు ఫైల్ పేర్లలో చుక్కకు ముందు ఎనిమిది, తర్వాత మూడు అక్షరాలే పట్టేవి. ఆ కొలతే ఇప్పటికీ నడుస్తోంది.

కొన్నిసార్లు పేరు ముందు అండర్‌స్కోర్ వచ్చి చేరుతుంది. కెమెరా పాడైందని కంగారుపడొద్దు. కలర్ స్పేస్ సెట్టింగ్ అడోబీ ఆర్‌జీబీలో ఉందని దానర్థం.

ఇందులోంచి తేలే విషయం ఒక్కటే. కెమెరా దగ్గర ఉన్న నంబర్లు 9,999. అంతకు మించి లేవు. రెండు రోజుల పెళ్లికి ఒక కెమెరాతో మూడు వేల ఫొటోలు తీశారనుకోండి, నాలుగో పెళ్లి మధ్యలో నంబరు మళ్లీ 0001కి వచ్చేస్తుంది. అంటే ‘ఐఎంజీ_0453’ అన్నది ఫొటోకు ఆధార్ నంబరు కాదు. క్లాసులో రోల్ నంబరు లాంటిది. సెక్షన్ మారితే అదే నంబరుతో ఇంకొకరు ఉంటారు.

మెనూలో ఆ మూడు మాటలు

కెమెరా మెనూలో ‘ఫైల్ నంబరింగ్’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. చాలామంది దాని జోలికే వెళ్లరు. కెనాన్‌లో మూడు రకాలు కనిపిస్తాయి.

కంటిన్యువస్: కార్డు మార్చినా, కొత్త ఫోల్డర్ తెరిచినా నంబరు ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. 9999 దాటాక కొత్త ఫోల్డర్‌లో 0001 మొదలవుతుంది.

ఆటో రీసెట్: కార్డు మార్చిన ప్రతిసారీ, కొత్త ఫోల్డర్ చేసిన ప్రతిసారీ 0001 నుంచి లెక్క మొదలు.

మాన్యువల్ రీసెట్: మీరు నొక్కిన క్షణంలో కొత్త ఫోల్డర్ తయారై, 0001 నుంచి మొదలవుతుంది. ఆ తర్వాత మళ్లీ పాత పద్ధతికే వెళ్తుంది.

నికాన్‌లో దీన్నే ‘ఫైల్ నంబర్ సీక్వెన్స్’ అంటారు. ఆన్ చేస్తే కొనసాగుతుంది, ఆఫ్ చేస్తే ఫార్మాట్ చేసినప్పుడల్లా మొదటికొస్తుంది. సోనీలో ‘సిరీస్’, ‘రీసెట్’ అని ఉంటాయి. మాటలు వేరు, సంగతి ఒకటే.

ఆ పెళ్లిరోజు మా కెమెరాలు రెండూ ఆటో రీసెట్‌లో ఉన్నాయి. రెండింటిలోనూ కొత్త కార్డులు. రెండూ 0001 నుంచే మొదలుపెట్టాయి. ఒకే పేరుతో ఐదొందల జతలు తయారయ్యాయి. నేను నొక్కిన ‘రీప్లేస్’ వాటిలో సగాన్ని చెరిపేసింది.

కాబట్టి మామూలు వాడకానికి కంటిన్యువస్ పెట్టుకోవడమే మేలు. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. కార్డు చాలక ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్నారు. అందులో అతని ఫొటోలు 8,200 నంబరు దాకా ఉన్నాయి. మీ కెమెరా 1,150 దగ్గర ఉన్నా సరే, ఆ కార్డు పెట్టగానే 8,201 నుంచి మొదలుపెట్టవచ్చు. అడిగి తెచ్చుకున్న కార్డులోని ఫొటోలను వాళ్లకు కాపీ చేసి ఇచ్చి, మీ కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడండి.

ఇక్కడే ఇంకో మాట. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు ‘చూడండి, ఫైల్ నంబరు 850. అంటే 850 ఫొటోలే తీశాం’ అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. నమ్మకండి. పదివేలు దాటి తిరిగొచ్చిన 850 కావచ్చు, నిన్న రాత్రి రీసెట్ చేసిన 850 కావచ్చు. కెమెరా వయసు షట్టర్ కౌంట్‌లో చూడాలి, ఫైల్ పేరులో కాదు.

999 దగ్గర గోడ

ఫోల్డర్ నంబర్లకూ హద్దుంది. 100 నుంచి 999 వరకు 900 ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో 9,999 చొప్పున లెక్కేస్తే దాదాపు 90 లక్షల ఫొటోలు. ఎవరికి వస్తాయిలే అనిపిస్తుంది. కానీ ఎవరో సరదాగా మెనూలో ఫోల్డర్ నంబరును 999కి మార్చి వదిలేసినా చాలు. 999 ఫోల్డర్‌లో నంబరు 9999కి చేరితే, కార్డులో సగం ఖాళీ ఉన్నా షట్టర్ పడదు. కొన్ని మోడల్స్‌లో ఫోల్డర్‌కు ఇన్ని ఫొటోలే అన్న పరిమితి ఉంటుంది కాబట్టి ఇంకా ముందే ఆగిపోవచ్చు. సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తక్కర్లేదు. ఫొటోలు కాపీ చేసుకుని, నంబరింగ్ రీసెట్ చేసి, కార్డు ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

ఉద్యోగంలో ఇది ఎక్కడ పనికొస్తుంది?

‘నేను ఫొటోగ్రాఫర్‌ని కాదుగా’ అంటారా? మరి ఇవి చూడండి.

డ్రోన్ సర్వే: గ్రామాల్లో ఇళ్ల స్థలాల సర్వే కోసం 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకం ప్రారంభించింది. అప్పటి నుంచి సివిల్, జియోమాటిక్స్ చదివినవాళ్లకు డ్రోన్ డేటా పని బాగా పరిచయమైంది. కొన్ని డ్రోన్లలో ఒక ఫోల్డర్‌లో 999 ఫొటోలు నిండగానే తర్వాతి ఫోల్డర్‌లో మళ్లీ 0001 నుంచి పేర్లు పడతాయి. అంటే ఒకే రోజు, ఒకే పొలం మీద తీసిన రెండు ఫొటోలకు ఒకే పేరు! మ్యాప్ తయారీ కోసం వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పోశారా, మ్యాప్‌లో ఆ మేర ఖాళీ పడుతుంది. మళ్లీ ఎగరేయాలంటే మళ్లీ అనుమతులు, మళ్లీ ఖర్చు.

అడవిలో కెమెరాలు: 2018 పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరా ట్రాప్‌లు పెట్టారు. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షలకు పైగా. గిన్నిస్ రికార్డుకెక్కిన సర్వే అది. నాలుగంకెల నంబర్లను అన్ని ఫొటోలకు పంచితే ఒక్కో నంబరు సగటున 3,400 సార్లకు పైగా వస్తుంది. కాబట్టి ఇలాంటి పనిలో ఫైల్ నంబరును నమ్ముకుంటే లాభం లేదు. ఏ స్టేషన్ కెమెరా, ఏ తేదీ, ఏ సమయం అన్నవే ఆధారం. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లో ప్రాజెక్ట్ వర్క్ చేయాలనుకునే జువాలజీ, ఫారెస్ట్రీ విద్యార్థులకు ఈ అలవాటు ముందే ఉండాలి.

సినిమా, ఓటీటీ: షూటింగ్ స్పాట్‌లో కెమెరా కార్డులను భద్రంగా కాపీ చేసి, సరిచూసి ఎడిటింగ్‌కు పంపడానికే ‘డేటా రాంగ్లర్’ అని ఒక మనిషి ఉంటాడు. పెద్ద సినిమాల్లో డీఐటీ, అంటే డిజిటల్ ఇమేజింగ్ టెక్నీషియన్, ఈ బాధ్యత చూస్తాడు. యూనిట్ మొత్తం రోజంతా పడ్డ కష్టం ఆ సాయంత్రం ఇతని చేతిలో ఉంటుంది.

ఈ-కామర్స్: చీరలో, చెప్పులో.. ప్రతి వస్తువుకూ ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఫొటో పేరులోకి ఎక్కాలి. ఒక్క నంబరు పక్కకు జరిగితే ఎర్ర చీర పేజీలో పచ్చ చీర కనిపిస్తుంది.

నేను పాటించే పద్ధతి

ఆ పెళ్లి తర్వాత నేను ఒక పద్ధతికి కట్టుబడ్డాను. మీకు నచ్చినట్టు మార్చుకోండి.

1. షూట్‌కు ముందు గడియారం: అన్ని కెమెరాల టైమ్ ఒకటిగా పెట్టండి. తర్వాత మీ ఫోన్‌లో సెకన్లతో గడియారం తెరిచి, ప్రతి కెమెరాతో దాన్ని ఒక ఫొటో తీయండి. ఏదైనా కెమెరా రెండు నిమిషాలు వెనకున్నా ఆ ఫొటో చూసి తర్వాత సరిదిద్దొచ్చు. ఫైల్ పేరు మారినా, ఫొటో లోపల ఎగ్జిఫ్ అనే సమాచారంలో తీసిన సమయం ఉంటుంది. రెండు కెమెరాల ఫొటోలను వరసలో పేర్చేది అదే.

2. కెమెరాకో పేరు: కొన్ని మోడల్స్‌లో ఫైల్ పేరు ముందున్న అక్షరాలు మార్చుకోవచ్చు. ఒక కెమెరాకు ‘ఏ’, రెండోదానికి ‘బీ’ వచ్చేలా పెట్టండి. సగం ప్రమాదం అక్కడే పోతుంది.

3. కార్డుకో ఫోల్డర్: తేదీ, పని పేరు, కెమెరా, కార్డు నంబరుతో విడివిడి ఫోల్డర్లు చేయండి. ‘2025-02-16_పెళ్లి_ఏ_కార్డు1’.. ఇలా. సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు రాయండి. అప్పుడు కంప్యూటర్ వాటంతట అవే తేదీల వరసలో కూర్చోబెడుతుంది. రోజు ముందు రాస్తే జనవరి 16, ఫిబ్రవరి 16 పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

4. కట్ కాదు, కాపీ: కార్డులోంచి ఫైల్స్‌ను ‘కట్’ చేయొద్దు. మధ్యలో కేబుల్ ఊడితే సగం ఇటు, సగం ఎటో. కాపీ చేశాక కార్డులో ఎన్ని ఫైల్స్, ఎంత సైజు.. కంప్యూటర్‌లో ఎన్ని, ఎంత.. పోల్చండి. టెరాకాపీ లాంటి టూల్స్‌లో ‘వెరిఫై’ ఆప్షన్ ఉంటుంది. అది ప్రతి ఫైల్‌కూ చెక్‌సమ్ లెక్కగట్టి రెండూ ఒకటేనా అని చూస్తుంది.

5. పేర్లు మార్చడం చివర్లోనే: ఎగ్జిఫ్‌టూల్, డిజిక్యామ్ ఉచితంగా దొరుకుతాయి. తీసిన తేదీ, సమయం ఆధారంగా వేల ఫైళ్ల పేర్లు ఒకేసారి మారుస్తాయి. పాత నాలుగంకెల నంబరును మాత్రం పేరు చివర ఉంచండి. వరసగా క్లిక్ కొడితే ఒకే సెకనులో ఐదారు ఫొటోలు పడతాయి కదా, సమయం ఒక్కటే చాలదు. రా, జేపీజీ రెండూ తీస్తే ఆ జతకు ఒకే పేరు ఉండాలి. ఒకదాని పేరే మారిస్తే జత విడిపోతుంది.

6. మూడు, రెండు, ఒకటి: పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, అందులో ఒకటి వేరే చోట. స్టూడెంట్‌కి మూడూ కష్టమే. కనీసం ల్యాప్‌టాప్‌లో ఒకటి, పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో ఇంకోటి. ఆ రెండూ తెరుచుకుంటున్నాయని చూశాకే ఫార్మాట్. అదీ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే చేయండి. తనకు కావాల్సిన ఫోల్డర్లను కెమెరా సరిగ్గా పెట్టుకుంటుంది.

ఇవి చేయకండి

కార్డు మీదే ఉంచి ఫైల్ పేర్లు మార్చొద్దు. డీసీఎఫ్ లెక్క తప్పితే కెమెరా స్క్రీన్‌పై ఆ ఫొటోలు కనిపించకపోవచ్చు. కెమెరాలో కనిపించలేదని పోయాయనుకోవద్దు, కంప్యూటర్‌లో చూడండి.

డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి కార్డు ఫార్మాట్ చేయొద్దు. సోనీ లాంటి కెమెరాల్లో కొన్ని రకాల వీడియోలు ‘ప్రైవేట్’ అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. కార్డు మొత్తాన్ని కాపీ చేసుకోవడమే సేఫ్.

క్లయింట్‌కు ఒరిజినల్స్‌ను వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపొద్దు. సైజు తగ్గుతుంది, ఎగ్జిఫ్ పోతుంది, పేరూ మారుతుంది. తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి.

ఒకవేళ తప్పు జరిగిపోతే ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. వెంటనే బయటికి తీసేయండి. మామూలు ఫార్మాట్‌లో పోయేది ఎక్కువగా ఫైళ్ల జాబితానే. ఫొటోల డేటా కొత్తది వచ్చి మీద పడేదాకా చాలావరకు అక్కడే ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించవచ్చు. అది పాత పేర్లతో ఇవ్వదు, ఏవో నంబర్లతో కుప్పపోస్తుంది. అప్పుడు కూడా వరసలో పెట్టడానికి మీకు దిక్కు ఎగ్జిఫ్‌లోని సమయమే. గడియారం సరిచేయమని మొదట చెప్పింది ఇందుకే.

ఇంటర్వ్యూలో అడిగితే..

మీడియా, డ్రోన్, క్యాటలాగ్ కంపెనీల్లో ‘మీ డేటాను ఎలా మేనేజ్ చేస్తారు?’ అన్న ప్రశ్న రావచ్చు. ‘హార్డ్ డిస్క్‌లో పెడతాను సర్’ అంటే అక్కడితో అయిపోతుంది. ‘కార్డుకో ఫోల్డర్ చేస్తాను. వెరిఫై చేస్తూ రెండు చోట్లకు కాపీ చేస్తాను. తేదీ, కెమెరా, పాత నంబరు కలిపి పేరు పెడతాను. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేస్తాను’ అని చెప్పండి. ఖరీదైన వస్తువు మీ చేతికివ్వచ్చన్న నమ్మకం అవతలివాళ్లకు కలుగుతుంది. పోర్ట్‌ఫోలియో పంపేటప్పుడు కూడా ‘ఐఎంజీ_4471’ అని కాకుండా మీ పేరు, పని పేరు ఉండేలా ఫైల్‌కు పేరు పెట్టండి. మీరు మాట్లాడకముందే మీ పద్ధతి ఏమిటో అది చెబుతుంది.

ప్రాక్టీస్‌కి కెమెరా కూడా అక్కర్లేదు. ఇవాళ రాత్రి మీ ఫోన్‌ని, ఫ్రెండ్ ఫోన్‌ని తీసుకుని కాలేజీ ఫెస్ట్ ఫొటోలన్నీ పైన చెప్పిన పద్ధతిలో సర్దండి. ఒక్క ఫొటో తగ్గకుండా, ఒక్క పేరు రెండుసార్లు రాకుండా పూర్తిచేయగలిగితే పని వచ్చినట్టే.

ఆ స్టూడియో అన్న తర్వాత కూడా నన్ను పనికి పిలిచాడు. కాకపోతే ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా ఒక రూల్. కార్డు ఎవరు ఫార్మాట్ చేయాలన్నా రెండో మనిషికి ల్యాప్‌టాప్‌లో, హార్డ్ డిస్క్‌లో ఫొటోలు తెరిచి చూపించాలి. ఎంత హడావిడి ఉన్నా, రిసెప్షన్‌కి ఎంత ఆలస్యమైనా సరే. మొన్నటికి మొన్న ఒక పెళ్లిలో ఓ పెద్దాయన కర్ర సాయంతో మండపం ఎక్కి అక్షింతలు వేశారు. ఆ సాయంత్రం కార్డు నా చేతిలో పెడుతూ అన్న ఒకటే మాట అడిగాడు.. ‘పెద్దాయనది రెండు చోట్లా ఉందిగా?’

తెరిచి చూపించాను. అప్పుడే ఫార్మాట్ నొక్కాం.